నులకమంచం మీద మిరప కల్లం

మిరపకాయ మంచుకు మెత్తబడుతుంది. నా వేళ్ళు మంచుకు కొయ్యబారతాయి. నా గొడవంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

మిరప పని తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలి. కోసిన కాయను కల్లంలో పోసి ఎండబెడతాం. ఎండిన కాయలో రంగుపోయి తెల్లబడిన కాయ కలిసి ఉంటుంది. దాన్ని తాలు అంటాం. తాలు ఏరి పక్కన పెడితేనే మంచి కాయకు ధర. ఎండ ముదిరాక ఏరితే కాయ పెళుసుగా ఉండి చేతిలోనే పగులుతుంది, గింజ రాలిపోతుంది. అందుకని మంచు పదును ఆరకముందే, తెల్లవారుతుండగానే కుప్ప ముందు కూర్చోవాలి. ముప్పై ఏళ్ళు అలాగే కూర్చున్నాను. అందులో పద్దెనిమిదేళ్ళు పదముగ్గురు ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రిగా కూర్చున్నాను.

రైతుతో పని మాట్లాడేది మేస్త్రి. కూలి తెంచేది మేస్త్రి. ఇద్దరు జుట్లు పట్టుకుంటే విడదీసేది కూడా మేస్త్రే. అవన్నీ నోటితో అయ్యే పనులు, నోటికి నాకేం తక్కువ లేదు. కానీ మా ముఠాలో ఒక పద్ధతి ఉంది. తొలి దోసిలి మేస్త్రి ఏరాలి. ఆమె ఏరాకే మిగతా వాళ్ళు కుప్పలో చెయ్యి పెడతారు. ఆమె చెయ్యి ఎంత జోరుగా ఆడితే వాళ్ళ చేతులు అంత జోరుగా ఆడతాయి. చెయ్యి ఆడని మేస్త్రి మేస్త్రి కాదు. మా అత్త చెయ్యి వణకడం మొదలైన ఏడు ముఠా నాకు వచ్చింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఒకరోజు ఆమె రాలేదు, అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ వాకిట్లో కూర్చుని పనికి పోయేవాళ్ళను చూస్తూ ఉండేది. నేను కూడా ఆమె ముందునుంచే పోయాను, పలకరించడానికి కూడా ఆగకుండా. ఆ సంగతి నాకు కీళ్ళు పట్టేసిన తర్వాతే గుర్తుకొచ్చింది.

మొదట కుడిచేతి వేళ్ళ మొదళ్ళు వాచాయి. తర్వాత ఎడమ చెయ్యి. తర్వాత మోకాళ్ళు, పాదాలు. పొద్దున లేస్తే పిడికిలి పడేది కాదు. తలుపు గడియ తియ్యలేను, జాకెట్టు హుక్కు పెట్టుకోలేను, పళ్ళు తోముకునే బ్రష్షు వేళ్ళ మధ్య నిలవదు. మా ఊళ్ళో సూదులేసే ఆయన ఉన్నాడు, చదువుకున్న డాక్టరు కాదు. ఆయన వారానికొక సూది వేస్తే మూడు రోజులు ఎగిరి గంతేసేదాన్ని. మొహం గుమ్మడికాయలా అయింది. చూసిన ప్రతివాళ్ళూ “ఒళ్ళు చేశావే, కోడలు బాగా పెడతందా?” అన్నారు. అది ఒళ్ళు కాదు, ఆ సూదిమందు తెచ్చిన వాపు అని నరసరావుపేటలో కీళ్ళ డాక్టరమ్మ చెప్పిందాకా నాకూ తెలియదు.

ఆ డాక్టరమ్మ మా చిన్నకూతురి వయసుది. నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని నొక్కి చూసింది.

“ఇది కీళ్ళవాతం అమ్మా. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున మీ కీళ్ళ మీద పడుతోంది.”

“కంచే చేను మేస్తందన్నమాట,” అన్నాను.

ఆమె రాయడం ఆపి నవ్వింది. “అంతే. నేను ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.”

“మరి కంచె పీకెయ్యి తల్లీ.”

“కంచె పీకితే చేనుండదు. అది కొంచెం నిద్రపోయేట్టు మందిస్తాను. రోగం పూర్తిగా పోదు. కానీ మీరు పని చేసుకోవచ్చు.”

పోదు అన్న మాట విని నాకు మండింది. పని చేసుకోవచ్చు అన్న మాట దగ్గర ఆగాను.

రోజూ వేసుకునేవి రెండు రకాలు ఇచ్చింది. ఇంకొకటి మాత్రం వారానికి ఒకసారి. ఆదివారం గుడికి పోయొచ్చి అన్నం తిన్నాక వేసుకుంటానని నేనే చెప్పాను. ఆమె ఆ మాత్రల అట్ట మీద “వారానికి ఒకసారే. ఆదివారం” అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసింది. నాకు చదవడం వచ్చు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మా పాస్టరమ్మ దగ్గర కూర్చుని, మనవలు రాసుకునే పలక మీద దిద్దుకున్నాను. బైబిలు వాక్యం ఎవరో చదివి వినిపిస్తే ఊఁ కొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. కాబట్టి నేను చెప్పబోయే తప్పుకు చదువు రాలేదన్న సాకు లేదు.

ఏడాది పాటు మందులు సరిగ్గా వేసుకున్నాను. వాపు తగ్గింది. ఇంట్లో పనులకు కొత్త దారులు వెతుక్కున్నాను. బ్రష్షుకు పాత గుడ్డ చుట్టి లావు చేశాను, పిడికిట్లో నిలిచింది. టీ గ్లాసు వేళ్ళతో కాకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాను. బిందె చంకన పెట్టడం మాని చిన్న బకెట్టు మోచేతికి తగిలించుకున్నాను. నీళ్ళ కుళాయికి మా ఆయన పొడుగు చెవి బిగించాడు, మోచేత్తో తోస్తే తిరుగుతుంది. జాకెట్టు హుక్కులు మాత్రం కోడలు పెట్టాలి. మొదటి నెల సిగ్గుతో చచ్చాను. రెండో నెలలో ఆమె రావడం ఆలస్యమైతే నేనే కేకలు వేశాను. సిగ్గు ఎంతకాలం ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది, సరిగ్గా నెల.

అంతా బాగానే ఉంది. కానీ పోయిన ఏడు కల్లాల్లో కాయ ఏరడం పదిరోజుల్లో మొదలవుతుందనగా వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. చలి ఎక్కువగా ఉంది. తొలి దోసిలి ఎలా ఏరాలన్నదే నా దిగులు. మా ఇంటి వెనక ఉండే వదిన ముఠాలో నా పక్కనే కూర్చుంటుంది. ఇరవై ఏళ్ళ స్నేహం, ఇరవై ఏళ్ళ పోటీ. ఆమె నా చేతులకేసి చూసి, “ఏంది వదినా, వేళ్ళు అల్లంకొమ్ముల్లే ఉన్నయి. ఈ ఏడు కుప్ప ముందు కూసుంటావా, వాకిట్లో కూసుంటావా?” అంది.

వాకిలి అనగానే మా అత్త కళ్ళ ముందుకొచ్చింది.

మాది పురుగు ఎక్కువైతే వారానికి రెండుసార్లు మందు కొట్టే ఊరు. డబ్బా మీద ఏం రాసి ఉన్నా మేం మూత నిండా ఒకటికి రెండు పోస్తాం. నా బుర్ర కూడా అలాగే పని చేసింది. వారానికి ఒకటి వేస్తే ఇంత తగ్గితే, రోజుకొకటి వేస్తే పదిరోజుల్లో పూర్తిగా తగ్గదా? డాక్టరమ్మ చిన్నపిల్ల, భయస్థురాలు, అందుకే తక్కువ ఇచ్చింది అనుకున్నాను. ఆమె రాసిన అక్షరాలు చదివి మరీ, మాత్ర మింగాను. రోజుకొకటి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాలుగోరోజు నోరు మండింది. ఆరోరోజు నాలుక మీద పుండ్లు లేచాయి. అయినా నాకు అనుమానం రాలేదు. ఎందుకంటే అప్పటికి మొదటి కల్లం దగ్గర కాయ తిరగెయ్యడానికి పోతున్నాం. మిరప కాలంలో మాకు నోరు మండని రోజు ఉండదు. కళ్ళు, ముక్కు, గోళ్ళ సందులు, అన్నీ మండుతాయి. “నోరు మండిపోతందే,” అంటే ముఠా అంతా “మాకు మటుకు చల్లగా ఉందా?” అన్నారు. మజ్జిగ పుక్కిలించి పడుకున్నాను. తొమ్మిదోరోజు జ్వరం వచ్చింది. పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం కారింది. కోడలు నా దిండు కింద వెతికి అట్ట బయటకు తీసింది. తొమ్మిది గుంటలూ ఖాళీ.

“అత్తా, ఇది ఆదివారం మాత్ర గందా?”

నేను గోడవైపు తిరిగాను.

“సదువు నేర్చుకుంది ఇందుకా నువ్వు?”

ఆ పిల్ల నన్ను అంత మాట ఎప్పుడూ అనలేదు. అని ఏడ్చింది. అప్పటికప్పుడు ఆటో పిలిచి నరసరావుపేట తీసుకుపోయింది. డాక్టరమ్మ నా నోరు చూసి, రక్తం పరీక్ష చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

“ఇంకో నాలుగు రోజులు వేసుకుని ఉంటే మీరు నాతో మాట్లాడేవాళ్ళు కాదమ్మా.”

ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. నోరు మానింది. సగం మనిషినయ్యాను. నన్ను కాపాడాలని ఆమె పడిన కష్టం చూశాక, చిన్నపిల్ల అనుకున్నందుకు క్షమించమని అడిగాను. “పెద్దవాళ్ళే ఎక్కువ అల్లరి చేస్తారు,” అని ఊరుకుంది. ఆ రోజునుంచి ఆ మాత్ర కోడలి దగ్గరే ఉంటుంది. ఆదివారం అన్నం తిన్నాక ఆమె నా అరచేతిలో పెడుతుంది. నా చేతిలో ఉన్న పెత్తనం ఒకటి పోయింది. పోవాల్సిందే పోయింది.

ఇంటికి వచ్చేసరికి రెండు కల్లాలు అయిపోయాయి. ముఠాను వదిన నడుపుతోంది. మిగిలింది పెద్ద రైతు కల్లం ఒకటి. ఆ పొలంలో నేను ఇప్పటి రైతు అబ్బాయి వాళ్ళ నాన్న హయాం నుంచి పని చేస్తున్నాను. ఆ అబ్బాయి పరామర్శకు వచ్చి బత్తాయిలు ఇచ్చి, కాసేపు అటూ ఇటూ చూశాడు.

“పెద్దమ్మా, నువ్వు ఈ ఏడు ఇంటికాడ ఉండరాదూ. వాళ్ళు సూసుకుంటార్లే.”

“ఈ ఏడా, ఇక మీదటా?”

అతను బత్తాయిల కేసి చూశాడు. నాకు జవాబు దొరికింది.

“అబ్బాయా, నాకు ఒక్క పొద్దు ఇవ్వు. నా చేత కాకపోతే నేనే నీకు చెప్తా. నువ్వు చెప్పే పని పెట్టుకోబాక.”

“సరే పెద్దమ్మా. బుధవారం కాయ ఏరటం మొదలుపెడతన్నాం. రా.”

రమ్మన్నాడు. ఎలా పోవాలో నాకు తెలియదు. గొంతుక్కూర్చోలేను. చూపుడువేలూ బొటనవేలూ కలిపి తాలుకాయ పట్టలేను. ఆ సాయంత్రం కోడలు ఇంటి కారానికి తెచ్చిన ఎండుకాయలు నేల మీద పోసి కూర్చుంది. నేను మంచం మీద పడుకుని చూస్తున్నాను. ఊరికే చూడటం నావల్ల కాలేదు.

“అవి ఇక్కడ మంచం మీద పొయ్యవే,” అన్నాను.

“పక్క మీద మిరపకాయలేంది అత్తా?”

“పక్క తీసెయ్యి. నులక మీద దోమతెర పరిచి పొయ్యి.”

పోసింది. నేను ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. వేళ్ళతో పట్టబోయాను, నొప్పి. అప్పుడు చిటికెన వేలి వైపు అరచేతి అంచుతో తోశాను. ఎర్రకాయ ఇటు, తాలు అటు. పట్టనక్కర్లేదు, తోస్తే చాలు. నేల మీదైతే తోసిన కాయ దుమ్ములో పొర్లుతుంది. ఇక్కడ దుమ్మే తెరలోంచి కిందకు దిగిపోతోంది. నడుం వంగలేదు, మోకాలు ముడవలేదు. దోసిలి అయింది. రెండో దోసిలి అయింది. కోడలు ఏరడం ఆపి నన్నే చూస్తోంది.

“అత్తా, నాకన్నా జోరుగా ఏరుతున్నావు గందా!”

“నోరు ముయ్యి. దిష్టి తగిలిద్ది,” అన్నాను. నాకు లోపల ఎగిరి దూకాలని ఉంది. దూకితే మోకాళ్ళు ఊరుకోవు కాబట్టి మానేశాను.

బుధవారం నాలుగింటికే లేచాను. గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి తెరిచి గంటసేపు వాటిని బతిమాలాను. అయినా ముఠా కన్నా గంట ఆలస్యంగానే కల్లానికి చేరాను. ఆటో మీద నులకమంచం, మంచం మీద కుర్చీ, కుర్చీ మీద దోమతెర. కల్లంలో ఆడవాళ్ళంతా ఆ ఊరేగింపు చూసి చేతులు ఆపేశారు.

“ఏంది వదినా,” అంది మా వదిన గట్టిగా, “మిరపకాయలకు పవళింపు సేవా?”

పదిమందీ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

“అవునే. నువ్వు జోలపాట పాడు, నేను ఏరతా.”

మంచం కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించి, ఎత్తు సరి చూసుకుని, గంపెడు కాయ పోయించాను. తొలి దోసిలి అప్పటికే వదిన ఏరేసింది. అరచేతి అంచుతో తోయడం మొదలుపెట్టాను. మొదట్లో నెమ్మది. పొద్దు కాస్త పైకొచ్చి వేళ్ళు వదులయ్యాక జోరు అందుకుంది.

ఎనిమిదింటికి కల్లం మీద ఎండ పడింది. నేల మీద కాయ పెళుసెక్కడం మొదలైంది. చిటచిట పగులుతోంది. రోజూ ఆ వేళకు పని ఆపి లేస్తాం. అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది, ముందునుంచీ వేసిన ఎత్తు ఏమీ కాదు. కల్లాన్ని ఎత్తుకుని నీడకు పోలేం. మంచాన్ని ఎత్తుకుని పోవచ్చు. ఇద్దరిని పిలిచి మంచాన్ని కాయతో సహా పాక నీడలోకి మోయించాను. కాయ పదును అలాగే ఉంది. పది దాటేదాకా ఏరాను. ముఠాలో ఒక పిల్లకు కాన్పు ఆపరేషనై ఏడాది కూడా కాలేదు, నడుం నొప్పితో రోజూ మూలిగేది. ఆమె వచ్చి మంచానికి అటువైపు నిలబడింది.

“పెద్దమ్మా, నేనూ ఈడ ఏరనా? వంగబుద్ధి కావట్లా.”

“ఏరు. నిన్నెవరు ఆపారు?”

పదిన్నరకు రైతు అబ్బాయి వచ్చాడు. నేల మీద ఏరిన కుప్ప చూశాడు. నా మంచం దగ్గరకొచ్చి, ఏరిన కాయలో చెయ్యి లోతుగా దూర్చి అడుగునుంచి పిడికెడు తీశాడు. ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఇంకో పిడికెడు తీశాడు.

“తాలు ఒక్కటీ లేదే. కాయ కూడా పగల్లేదు.”

“పగలటానికి మా కాళ్ళ కింద పడితే గందా,” అన్నాను. కింద కూర్చుని జరుగుతూ ఏరేటప్పుడు మేం తొక్కి పగలగొట్టే కాయ ఎంతో ముప్పై ఏళ్ళ తర్వాత నాకూ ఆరోజే తెలిసింది.

అతను మంచం కిందకు వంగి, రాలిన దుమ్ము చూశాడు. ఫోన్ తీసి ఫోటో తీసుకున్నాడు.

మర్నాడు నేను కల్లానికి చేరేసరికి వదిన నెత్తి మీద తన నులకమంచం పెట్టుకుని నాకు ఎదురుగా వస్తోంది. నన్ను చూసి కూడా చూడనట్టు దించింది. ఇటుకలు వెతుక్కుంది.

“ఏంది వదినా,” అన్నాను, “మా మిరపకాయలకేనా పవళింపు, మీవాటిక్కూడానా?”

“ఎగతాళి ఆపి ఇటుక ఎంతెత్తో చెప్పు. ఇరవై ఏళ్ళనుంచి నా నడుం ఇరగ్గొట్టావు, ఈ ముక్క అప్పుడే చెప్తే నీ సొమ్మేం పోయిద్ది?”

“అప్పుడు నాకు చేతులు బాగున్నయి. బుర్ర అవసరం లేకపోయింది.”

ఆమె నవ్వింది. కాయ పోసుకుంది. కానీ చెయ్యి పెట్టలేదు. మిగతా వాళ్ళు కూడా కుప్పల ముందు ఊరికే కూర్చుని ఉన్నారు. ఎందుకు ఆగారో నాకు వెంటనే తట్టలేదు.

“ఏరు వదినా,” అంది ఆమె. “వీళ్ళంతా నీకోసం అరగంట నించీ సూత్తన్నారు. నీ దోసిలి పడందే ఎవరు మొదలుపెడతారు?”

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ దోసిలి ఏరడానికి మామూలు కన్నా ఎక్కువసేపే పట్టింది, వేళ్ళ వల్ల మాత్రం కాదు. ఎవరూ తొందర పెట్టలేదు.

ఆ కల్లం ముగిసేనాటికి ఆరు మంచాలు దిగాయి. వయసులో ఉన్నవాళ్ళు కొందరు నేల మీదే ఏరారు, వాళ్ళకు అదే బాగుంది. పక్క ఊరి ముఠా మేస్త్రి ఒకామె బండెక్కి వచ్చి మరీ చూసిపోయింది. నా నొప్పులు పోలేదు. రెండు రోజులు పాదాలు వాచి అసలు రాలేకపోయాను. ఆ రెండు రోజులూ వదిన నడిపింది, మూడోరోజు నేను రాగానే పక్కకు జరిగింది. పొద్దున నా వేళ్ళు ఇప్పటికీ గంటసేపు కొయ్యల్లానే ఉంటాయి. ఈ రాత కూడా గుడ్డ చుట్టిన కలంతో, రోజుకొక అరపేజీ చొప్పున రాస్తున్నాను.

ఆఖరి టిక్కీ, అంటే కాయ కూరిన బస్తా, కుట్టిన రోజున రైతు అబ్బాయి మా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పదముగ్గురం పాక నీడలో టీ తాగుతున్నాం.

“పెద్దమ్మా, వచ్చే ఏడు కల్లం కూడా మీ ముఠాకే. ఇప్పుడే మాట అనుకుందాం.”

“మా ముఠా అంటే? మేస్త్రి ఎవరు?”

“నువ్వే గందా. ఇంకెవరు?”

వదిన కేసి చూశాను. ఆమె టీ ఊదుకుంటూ, “నన్నేంది సూత్తావు? మాట్లాడు,” అంది.

“అయితే విను అబ్బాయా. మంచు రోజుల్లో నేను గంట ఆలస్యంగా వస్తా, ఆ గంట నీడలో ఏరి తీరుస్తా. దానికి మొహం మాడ్చుకోకూడదు. ఇంకోటి. ఇళ్ళకాడి మంచాలు మోసుకురావటం మావల్ల కాదు. ఈడనే ఉండాలి.”

“చేయిద్దాం లే. కొయ్యపని ఆయనకు చెప్తా. ఆరా?”

“ఎనిమిది.”

“ఎనిమిదా!” అని నెత్తి గోక్కున్నాడు. “సరే. ఎంతెత్తు చేయించాలి మరి?”

నేను లేచాను. లేవడానికి కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనించి రెండు ఊపులు ఊగాల్సి వచ్చింది. నిటారుగా నిలబడి, నడుం దగ్గర అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను.

“ఇంత,” అన్నాను. “కొలుసుకో.”